హద్దులెరుగని చమురు: అమెరికా ప్రభుత్వ భూములపై ఒక శతాబ్దపు వాదము

పూర్వము మన ప్రాంతమున భూదానము చేసిన రాజులు శాసనములలో భూమి కొలతను మాత్రమే చెప్పి ఊరకుండెడివారు కారు. నిధి, నిక్షేపము, జలము, పాషాణము మొదలైన అష్టభోగములను గూడ పేర్కొనెడివారు. భూమితోపాటు దాని అడుగున ఉన్న వస్తువును గూడ ఇచ్చితిమని దాని భావము. రాయి కదలదు. పాతిపెట్టిన బంగారు బిందె కదలదు. కనుక హద్దురాళ్లు నాటినచో ఎవరి సొత్తు ఎంతవరకో తేల్చుట కష్టము కాదు.

కాని అడుగున ఉన్న వస్తువు కదలునదైనచో ఏమి చేయవలెను? ఒక రైతు తన పొలమున లోతుగా బోరు దింపి రేయింబవళ్లు నీరు తోడినచో ప్రక్క పొలములోని బావి ఎండిపోవుట మనమెరిగినదే. చమురు విషయమునను ఇదే చిక్కు కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వ భూముల అడుగున ఉన్న చమురును ఎవరు తీయవలెను, ఎప్పుడు తీయవలెను, అసలు తీయవలెనా అను వాదము 1909లో తీవ్రమై నేటివరకు సాగుచున్నది. మంత్రులు, సెనేటర్లు, న్యాయమూర్తులు, కంపెనీలు అందరు అందులో పాల్గొనిరి. అయితే ఆ వాదమునకు మూలమున ఉన్నది భూగర్భ శాస్త్రమునకు చెందిన ఒక చిన్న విషయము. దానిని ముందు తెలిసికొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

రాతిలో చమురు

భూమి అడుగున చమురు చెరువువలె నిలిచి ఉండునని చాలమంది ఊహింతురు. ఆ ఊహ సరి కాదు. చమురు ఉండునది రాతిలోనే. ఇసుకరాయి, సున్నపురాయి వంటి రాళ్లలో రేణువుల నడుమ కంటికి కనబడని సందులుండును. ఆ సందులలో చమురు, వాయువు, ఉప్పునీరు నిండి ఉండును. సందులు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నచో ద్రవము రాతిగుండ మెల్లగా ప్రాకగలదు. చమురు నీటికంటె తేలికగనుక పైకి ప్రాకుచు పోవును. దారిలో ద్రవమును పోనీయని బంకరాయి పొర అడ్డు తగిలినచో అక్కడ నిలిచిపోవును. భూమిపొరలు బోర్లించిన మూకుడువలె వంగిన చోట ఇట్టి నిలుపుదల బాగుగ కుదురును. పైన వాయువు, నడుమ చమురు, క్రింద నీరు ఉండును.

ఈ నిలువ మీది బరువుచేతను, క్రిందినుండి త్రోయు నీటిచేతను గొప్ప ఒత్తిడిలో ఉండును. చమురులో కొంత వాయువు కరిగి కూడ ఉండును. గోలీసోడా సీసాలో వాయువు కరిగి ఉన్నట్లే ఇదియును. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి వాయువు పొంగి, తనతోపాటు నీటిని గూడ పైకి తెచ్చును. బావి త్రవ్వినపుడు చమురు పైకి చిమ్ముటకు ముఖ్యకారణములలో ఇది ఒకటి. గోలీ నొక్కి కొంతసేపు వదలినచో సోడా చప్పబడిపోవును గదా! చమురును ఆత్రముగ తోడినచో జరుగునది అదే. వాయువు ముందుగా తప్పించుకొని పోవును. మిగిలిన చమురు చిక్కబడి, త్రోయు బలము లేక రాతిసందులలోనే ఉండిపోవును.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: ద్రవము ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోటినుండి తక్కువగా ఉన్న చోటికి పోవును. బావి త్రవ్విన చోట ఒత్తిడి తగ్గును గనుక చుట్టుపట్ల చమురు అటు ప్రాకును. భూమిపై వేసిన కంచె దానిని ఆపలేదు. రెండవది: తొందరపడి తీసినచో మొత్తముమీద దక్కు చమురు తగ్గును.

వేటగాని న్యాయము

1859లో పెన్సిల్వేనియా రాష్ట్రమున టైటస్‌విల్ వద్ద డ్రేక్ అను నతడు 70 అడుగులకు కొంచెము తక్కువ లోతున చమురు కనుగొనెను. అప్పటినుండి చమురు తగాదాలు కోర్టులకు ఎక్కసాగెను. నా పొలము అడుగున ఉన్న చమురును పొరుగువాడు తన బావిగుండ లాగుకొనుచున్నాడను ఫిర్యాదునకు న్యాయమూర్తులు ఏమి చెప్పగలరు? రాతిలోపల ఏమి జరుగుచున్నదో చూపు సాధనములు ఆనాడు లేవు. కనుక వారు పాత వేట న్యాయమును అన్వయించిరి. అడవిమృగము ఏ పొలమున తిరిగినను, తన భూమిలో దానిని పట్టినవానికే అది చెందును. 1889లో పెన్సిల్వేనియా ఉన్నత న్యాయస్థానము చమురును, వాయువును ఇట్టి అడవిమృగముతో పోల్చి తీర్పు చెప్పెను.

దీని ఫలితము ఊహింపవచ్చును. పొరుగువాడు త్రవ్వకముందే నేను త్రవ్వవలెను. వాడు ఒక బావి త్రవ్వినచో నేను హద్దు ప్రక్కనే మరియొకటి త్రవ్వవలెను. భూమిలో దాచుకొనుట అనునది పొరుగువానికి దానము చేయుటయే అయ్యెను. బావులు అడవిలో చెట్లవలె మొలిచెను.

ఇది సొంత భూముల కథ. పశ్చిమ రాష్ట్రములలో లక్షలాది ఎకరములు కేంద్ర ప్రభుత్వమువి. నేటికిని ఆ దేశపు కేంద్ర ప్రభుత్వము చేతిలో సుమారు 64 కోట్ల ఎకరముల భూమి కలదు. అది దేశ విస్తీర్ణములో నాలుగవవంతు కంటె ఎక్కువ. 1872 నాటి గనుల చట్టము, దానిని చమురునకు వర్తింపజేసిన 1897 చట్టము ప్రకారము, ప్రభుత్వ భూమిలో చమురు కనుగొన్నవాడు ఎకరమునకు రెండున్నర డాలర్లు చెల్లించి ఆ భూమిని తన పేర పట్టా పొందవచ్చును. తరువాత ఎంత చమురు తీసినను ప్రభుత్వమునకు ఒక్క పైసా ఇయ్యనక్కరలేదు.

1909 నాటి ఆజ్ఞ

ఆ రోజులలోనే యుద్ధనౌకలు బొగ్గును విడిచి చమురునకు మారుచుండెను. బరువునకు బరువు పోల్చినచో చమురు బొగ్గుకంటె ఎక్కువ వేడి నిచ్చును. పొయ్యిలోనికి పారలతో ఎగదోయు మనుష్యులు అక్కరలేదు. ఇట్టి సమయమున భూగర్భ పరిశోధన శాఖాధిపతి జార్జి ఓటిస్ స్మిత్, అంతరంగ శాఖ మంత్రి బాలింజరునకు ఒక హెచ్చరిక పంపెను. కాలిఫోర్నియాలోని చమురు భూములు కొద్ది నెలలలో పూర్తిగా ప్రైవేటువారి పాలు కానున్నవనియు, ఊరకే ఇచ్చివేసిన చమురును ప్రభుత్వము తన నౌకల కొరకు తిరిగి కొనవలసి వచ్చుననియు దాని సారాంశము.

అధ్యక్షుడు టాఫ్ట్ 1909 సెప్టెంబరు 27న కాలిఫోర్నియా, వయోమింగ్ రాష్ట్రములలో 30 లక్షల ఎకరములకు పైగా ప్రభుత్వ భూమిని పట్టాలకు దొరకకుండ ఆపివేసెను. పశ్చిమ రాష్ట్రములలో కలవరము పుట్టెను. అక్కడి వారి వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. భూమి ఇచ్చెదమని పిలిచి, ఎండలో కొండలలో సొంత సొమ్ము పెట్టి త్రవ్వుచున్నపుడు వద్దనుట న్యాయమా అని వారడిగిరి. కాంగ్రెసు చేసిన చట్టమును అధ్యక్షుడు ఒక ఆజ్ఞతో ఎట్లు ఆపగలడని గూడ అడిగిరి. టాఫ్టునకే ఆ సందేహము కలిగెను. అందుచేత కాంగ్రెసును కోరి 1910లో ప్రత్యేక చట్టము చేయించెను. 1909 ఆజ్ఞ చెల్లునని సుప్రీంకోర్టు 1915లో 5 గురు ఒప్పుకొనగా, 3 గురు కాదనగా తీర్పు చెప్పెను. ఇట్టి ఆజ్ఞలను లోగడ అధ్యక్షులు 250కి మించి ఇచ్చియున్నను కాంగ్రెసు అభ్యంతరము చెప్పలేదనునది ఆ తీర్పునకు ఆధారము.

ఆపిన భూములలో కొన్ని నౌకాదళపు నిలువలుగా ప్రత్యేకింపబడెను. 1912లో కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్, బ్యూనా విస్టా. 1915లో వయోమింగులోని టీపాట్ డోమ్. తేనీటి కూజా ఆకారమున ఉన్న ఒక బండరాతినిబట్టి ఈ చివరిదానికి ఆ పేరు వచ్చెను. యుద్ధము వచ్చునంతవరకు ఈ చమురు భూమిలోనే ఉండవలెనని ఉద్దేశము.

కౌలు విధానము

పట్టా నిచ్చుటకును, తాళము వేయుటకును నడుమ మూడవ మార్గము కొరకు పదేండ్లు వాదోపవాదములు జరిగెను. 1920 ఫిబ్రవరి 25న ఖనిజముల కౌలు చట్టము వచ్చెను. ఇకమీదట భూమి ప్రభుత్వముదే. చమురు తీయువాడు కౌలుదారు మాత్రమే. తీసిన చమురులో కనీసము ఎనిమిదవవంతు, అనగా నూటికి పన్నెండున్నర, రాయల్టీగా చెల్లించవలెను. వచ్చిన సొమ్మును పంచు పద్ధతి గూడ చట్టములోనే వ్రాసిరి. నూటికి 37.5 చమురు పుట్టిన రాష్ట్రమునకు, 52.5 పశ్చిమ ప్రాంతపు నీటిపారుదల నిధికి, 10 కేంద్ర ఖజానాకు. 1976లో రాష్ట్రముల వాటా నూటికి 50గా పెరిగెను. తమ బడులకు, రోడ్లకు ఈ సొమ్ము వచ్చుచున్నందుననే పశ్చిమ రాష్ట్రముల నాయకులలో పలువురు నేటికిని త్రవ్వకములను కోరుచున్నారు. ఈ వాదము కంపెనీలకు, ప్రకృతి ప్రేమికులకు నడుమ మాత్రమే సాగుచున్నదనుకొనుట పొరపాటు.

టీపాట్ డోమ్

1921లో హార్డింగ్ అధ్యక్షుడయ్యెను. అంతరంగ శాఖ మంత్రి ఆల్బర్ట్ ఫాల్. అదే సంవత్సరము మే 31న నౌకాదళ నిలువల అజమాయిషీ నౌకా శాఖనుండి ఫాల్ శాఖకు మారెను. 1922 ఏప్రిల్లో ఫాల్ టీపాట్ డోమ్‌ను మొత్తముగ హారీ సింక్లెయిర్ కంపెనీకి వేలము లేకయే, రహస్యముగ కౌలు కిచ్చెను. ఎల్క్ హిల్స్ ఎడ్వర్డ్ డొహీనీ కంపెనీ చేతికి పోయెను. సంగతి పత్రికలకు పొక్కెను. ప్రభుత్వము చెప్పిన సమాధానమేమి? చమురు జారిపోవుచున్నదని!

టీపాట్ డోమ్‌నకు ఆనుకొని ఉత్తరమున సాల్ట్ క్రీక్ అను గొప్ప చమురు క్షేత్రము కలదు. అక్కడ ప్రైవేటు కంపెనీలు జోరుగ తోడుచుండెను. నిలువ పెట్టినదంతయు పొరుగు బావులలోనికి ప్రాకిపోవుచుండగా, మనమే తీసి తొట్లలో దాచుకొనుట మేలుగదా అని ఫాల్ వర్గమువారనిరి. ఇది శాస్త్రముతో కూడిన వాదము. ఎల్క్ హిల్స్ తూర్పు అంచున పొరుగు కంపెనీ బావులు నిజముగనే నిలువను లాగుచుండెను. సెనేటు సంఘము నియమించిన భూగర్భ శాస్త్రజ్ఞులు గూడ టీపాట్ డోమ్‌లో కొంత చమురు తరలుచున్నదనియే నివేదించిరి. 1923 అక్టోబరులో విచారణ మొదలైనపుడు ఫాల్ నెగ్గుననియే పలువురు తలచిరి.

మొంటానా సెనేటరు థామస్ వాల్ష్ ఆ విచారణను నడపెను. ఆయన రాతిపొరలనుండి ఖాతాపుస్తకములకు దృష్టి మరల్చెను. అప్పటివరకు చేతిలో డబ్బు లేని ఫాల్ అకస్మాత్తుగ తన పశువుల క్షేత్రమును ఎట్లు పెంచగలిగెనని ఆరా తీసెను. 1921 నవంబరులో డొహీనీ తన కుమారుని చేత ఒక నల్లసంచిలో లక్ష డాలర్లు ఫాల్‌కు పంపినట్లు తేలెను. అది అప్పని డొహీనీ చెప్పుకొనెను. సింక్లెయిర్ వైపునుండి 2 లక్షల డాలర్లకు మించిన బాండ్లు అందినట్లు తరువాత బయటపడెను. 1927లో సుప్రీంకోర్టు రెండు కౌళ్లను రద్దు చేసెను. లంచము పుచ్చుకొన్న నేరమునకు 1929లో ఫాల్‌కు ఏడాది జైలు, లక్ష డాలర్ల జరిమానా పడెను. ఇచ్చిన నేరమునుండి మాత్రము డొహీనీ 1930లో విడుదలయ్యెను. ఇది న్యాయచరిత్రలో ఒక వింత.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. చమురు జారిపోవుననునది అబద్ధము కాదు. దానినుండి తీసిన సిద్ధాంతమే తప్పు. అంచున కొన్ని బావులు త్రవ్వి, బహిరంగముగ వేలము వేసి ఆ నష్టమును అరికట్టవచ్చును. అంచున కారుచున్నదని కుండనంతను పరుల కప్పగించుట దానికి మందు కాదు. ఎంత చమురు ఏ వైపునకు తరలుచున్నదని కొలిచి, ఆ లెక్కలను అందరి ముందర పెట్టినచో ఈ బేరము నిలిచెడిది కాదు. శాస్త్ర విషయము నిజమే అయినను, లెక్క రహస్యముగ ఉన్నపుడు అది మోసమునకు గూడ పనిముట్టు కాగలదు.

టీపాట్ డోమ్ ఊహించినంత సంపన్నమైన క్షేత్రము గూడ కాదు. సింక్లెయిర్ బావులలో ప్రవాహము త్వరలోనే తగ్గిపోయెను. 1976 తరువాత ప్రభుత్వము దానిని తెరిచి సుమారు 2 కోట్ల 20 లక్షల పీపాలు తీసి, 2015లో అమ్మివేసెను. ఎల్క్ హిల్స్ అట్లు కాదు. అది 100 కోట్ల పీపాలకు మించి ఇచ్చెను. 1998లో దానిని 365 కోట్ల డాలర్లకు అమ్మిరి.

ఒక నిలువ, ఒక యాజమాన్యము

కుంభకోణము నడుచుచున్న రోజులలోనే హెన్రీ డొహర్టీ అను చమురు వ్యాపారి 1924లో అధ్యక్షుడు కూలిడ్జునకు ఒక సూచన చేసెను. రాతిలోని నిలువ ఒకటే అయినపుడు, పైన ఎందరు యజమానులున్నను, దానిని ఒకే క్షేత్రముగ భావించి, ఒకే ప్రణాళికతో తీసి, ఎవరి వాటా వారికి పంచవలెనని దాని సారము. అట్లు చేసినచో వాయువు వృధాపోదు, ఒత్తిడి నిలుచును, అనవసరమైన బావులు తగ్గును. తోటి వ్యాపారులు ఇది స్వేచ్ఛకు భంగమని మండిపడిరి. అయినను అదే సంవత్సరము కూలిడ్జ్ చమురు సంరక్షణ మండలిని ఏర్పాటు చేసెను. 1930, 1931 సంవత్సరములలో కౌలు చట్టమును సవరించి ప్రభుత్వ భూములపై ఇట్టి ఉమ్మడి ప్రణాళికలకు అనుమతి ఇచ్చిరి. కాలిఫోర్నియాలోని కెటిల్‌మన్ గోపురము మొదటి పెద్ద ఉదాహరణము. వేటగాని న్యాయమునకు బదులుగ ఉమ్మడి చెరువు న్యాయము వచ్చెనని చెప్పవచ్చును.

ఎవరిదనుట పోయి, ఏలయనుట

ఆపైన వాదము స్వరూపము మారెను. 1969 జనవరి 28న కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా వద్ద సముద్రములో ఒక బావి అదుపు తప్పి, తీరమంతయు చమురుతో నల్లబడెను. ప్రభుత్వ కార్యములు పరిసరములకు చేయు హానిని ముందుగా పరిశీలింపవలెనను చట్టము 1970 జనవరి 1న అమలులోనికి వచ్చెను. చమురు ఎవరిది అను ప్రశ్న ప్రక్కన, అసలు తీయవలెనా అను ప్రశ్న నిలిచెను.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము అలాస్కా ఈశాన్యపు కొననున్న వన్యప్రాణి రక్షణ ప్రాంతము. 1960లో ఏర్పడి 1980లో విస్తరింపబడిన ఈ ప్రాంతమున సముద్రతీరపు మైదానము 15 లక్షల ఎకరములు. కాంగ్రెసు అనుమతి లేనిదే అక్కడ చమురు తీయరాదని 1980 చట్టము చెప్పెను. అక్కడ కారిబూ అను దుప్పిజాతి జంతువుల గొప్ప మంద ఈనుచుండును. ఆ మందపై ఆధారపడి జీవించు గ్విచిన్ జాతివారు త్రవ్వకములను వ్యతిరేకించుచున్నారు. తీరమున నివసించు ఇనూపియట్ జాతివారిలో పలువురు, బడులు, ఆసుపత్రులు చమురు సొమ్ముతో వచ్చినవని, త్రవ్వకములను కోరుచున్నారు. ఆదివాసుల అభిప్రాయము ఒకటే అనుకొనువారికి ఇది కనువిప్పు.

ఆ నేలలో ఎంత చమురు ఉన్నది? 1998లో భూగర్భ పరిశోధన శాఖ వేసిన అంచనా ప్రకారము, చుట్టుపట్ల భూములతో కలిపి, తీయదగిన చమురు 570 కోట్ల పీపాలనుండి 1,600 కోట్ల పీపాల వరకు ఉండవచ్చును; సగటు 1,040 కోట్లు. పీపా అనగా సుమారు 159 లీటర్లు. అమెరికా రోజుకు ఇంచుమించు 2 కోట్ల పీపాలు వాడును గనుక, ఇది ఏడాదిన్నర వాడకమునకు గూడ చాలదని ఒక పక్షము అనెను. ఒకేసారి తీయరుగదా, దశాబ్దములపాటు విదేశీ చమురును కొంత తగ్గించుకొనవచ్చునని రెండవ పక్షము అనెను. రెండును ఆ అంకెలనుండి వచ్చిన మాటలే. 1985-86లో అక్కడి ఆదివాసుల సంస్థ భూమిలో త్రవ్విన ఒకే ఒక్క పరీక్ష బావి ఫలితములు మాత్రము దశాబ్దములపాటు రహస్యముగ ఉంచబడెను. ఉభయపక్షములు అంచనాలతోనే పోరాడవలసి వచ్చెను.

1995లో కాంగ్రెసు అనుమతి నీయగా అధ్యక్షుడు క్లింటన్ త్రోసిపుచ్చెను. 2017లో చట్టము మారి వేలము తప్పనిసరి అయ్యెను. 2021 జనవరిలో జరిగిన మొదటి వేలమున పెద్ద కంపెనీలు రాలేదు. వచ్చిన పాటలు కోటిన్నర డాలర్లకు లోపే. 2025 జనవరిలో రెండవ వేలమున ఒక్కరును పాడలేదు. అయినను అదే సంవత్సరము జులైలో వచ్చిన చట్టము పదేండ్లలో మరి నాలుగు వేలములను విధించెను. ప్రభుత్వ భూములపై కనీస రాయల్టీని 2022లో ఆరవవంతునకు పెంచగా, 2025 చట్టము దానిని మరల 1920 నాటి ఎనిమిదవవంతునకు దించెను. నూరేండ్ల తరువాత బేరము మొదటి మెట్టుకే వచ్చెను.

మన తీరమున అదే ప్రశ్న

మన దేశమున చమురు భూస్వామిది కాదు, ప్రభుత్వముది. సముద్రగర్భములోనిది కేంద్రమునకే చెందును. కనుక వేటగాని న్యాయము మనకు లేదు. కాని రాతి స్వభావము అన్నిచోట్ల ఒకటే. కాకినాడకు ఎదురుగ బంగాళాఖాతములో రిలయన్స్ సంస్థకు అప్పగించిన క్షేత్రమున 2009లో వాయువు తీయుట మొదలయ్యెను. ప్రక్కనే ఉన్న తమ క్షేత్రముల వాయువు హద్దు దాటి అటు పోవుచున్నదని ప్రభుత్వ సంస్థయైన ఓ.ఎన్.జి.సి. ఆరోపించి 2014లో ఢిల్లీ హైకోర్టుకు పోయెను. ఉభయుల లెక్కలను పరిశీలించిన ఒక విదేశీ నిపుణ సంస్థ, నిలువలు కలిసియున్నవనియు, 1,100 కోట్ల ఘనపు మీటర్లకు మించి వాయువు తరలినదనియు 2015లో నివేదించెను. తరలిన వాయువునకు కంపెనీ ప్రభుత్వమునకు బాకీపడునా అనునది వేరు ప్రశ్న. 2018లో మధ్యవర్తులు అధికసంఖ్యతో కంపెనీ పక్షమున తీర్పు చెప్పగా, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము ఆ తీర్పును కొట్టివేసెను.

టీపాట్ డోమ్ నాడు రాతిలోపల ఏమి జరుగుచున్నదో ఊహించుటయే గాని కొలుచుట లేదు. నేడు ధ్వనితరంగములను భూమిలోనికి పంపి పొరల చిత్రము గీయవచ్చును. బావులలో ఒత్తిడిని అనుదినము కొలిచి, రెండు క్షేత్రములు కలిసియున్నవో లేవో చెప్పవచ్చును. చమురును తీయవలెనా, వన్యప్రాణులకు విడువవలెనా అను దానిని శాస్త్రము నిర్ణయింపజాలదు. అది ప్రజలు తేల్చుకొనవలసిన విషయము. కాని ప్రజలు తేల్చుకొనుటకు ముందు, తమ భూమి అడుగున ఎంత ఉన్నది, ఎటు పోవుచున్నది అను లెక్క వారి ఎదుట ఉండవలెను. ఆ లెక్క కౌలుదారు పెట్టెలో ఉన్నంతకాలము, భూమికి యజమాని తానని చెప్పుకొను ప్రజ పేరునకే యజమాని.